వీధికి కనపడే పొయ్యి

మగవాడు ఇంట్లో మాంసం వండటం గురించి రాస్తున్నాను. పెళ్ళిలో రెండు వందల మందికి గుండిగ ఎక్కించే మగవాడి గురించి కాదు. అతన్ని ఎవరూ ఏమీ అనరు, మర్యాదగా పిలిచి తాంబూలం కూడా ఇస్తారు. ఇద్దరి కోసం, ఒక్క మట్టి కుండలో, తన సరదా కొద్దీ, ఆదివారం పూట పొట్టేలు మాంసం వండుకునే మగవాడి గురించి. నేను అలాంటివాణ్ణి. నా జ్ఞాపకాల ఈ రాతప్రతి చదివిన మిత్రులొకరు ఈ భాగం తీసేయమన్నారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషికి ఇది గౌరవం కాదని వారి అభిప్రాయం. అందుకే దీన్ని అనుకున్నదానికంటే కాస్త పెద్దదిగా రాస్తున్నాను.

పద్దెనిమిదో ఏట నుంచి నాకు డైరీ అలవాటు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం దొరకనప్పుడు పిల్లల పరీక్ష పేపర్ల వెనకవైపు రాసి, దారంతో కుట్టుకున్నాను. వాటిలో సోమవారం నుంచి శనివారం దాకా బడి సంగతులు, వాన, ఎవరి ఉత్తరం వచ్చింది, ఎవరికి జ్వరం. ఆదివారం మాత్రం కూర. ఏ భాగం మాంసం, ఎన్ని ఎండు మిరపకాయలు, ఏ కట్టె, మూత ఎప్పుడు పెట్టాను, ఎప్పుడు తీశాను, ఏం చెడింది, వచ్చే వారం ఏం మార్చాలి.

ఈ విద్య నాకు నర్సరావుపేటలో వచ్చింది. చదువుకునే రోజుల్లో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మిగిలిన ముగ్గురికీ తినటం మాత్రమే వచ్చు. అలా గరిటె నా చేతికి వచ్చింది. మొదటి నెల మాంసం నమిలితే దవడలు నొప్పి పుట్టేవి. ఏ వారం ఏం చేశానో రాసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు తెలిసింది. నీళ్ళు ముందే గుమ్మరించేస్తున్నాను, మంట ఎగదోస్తున్నాను. రెండో నెలలో ముక్క వేళ్ళతో నొక్కితే విడిపోయింది. పరీక్ష పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. చదువు అయిపోయి గది ఖాళీ చేశాం. గరిటె మాత్రం నేను వదల్లేదు.

కారంపూడిలో బడిపంతులుగా చేరాక అసలు చిక్కు మొదలైంది. మా వైపు రైతుల ఇళ్ళలో నీసు వంటింట్లోకి రాదు. మాంసమైనా చేపైనా నీసే. దానికి దొడ్లో వేరే పొయ్యి, వేరే కుండ, వేరే గరిటె ఉంటాయి. మాచవరం దగ్గర మా సొంతింట్లోనూ అంతే, కారంపూడిలో నేను అద్దెకున్న ఇంట్లోనూ అంతే. వంటింటి పొయ్యి మీద ఎవరు ఏం వండుతున్నారో పొరుగింటికి తెలియదు. దొడ్లో నీసు పొయ్యి ముందు కూర్చున్న మనిషి మాత్రం అందరికీ కనపడతాడు. మా దొడ్డికి నడుమెత్తు నాపరాళ్ళు పాతిన గోడ. గోడ అవతల బావికి వెళ్ళే దారి. ఆ దారిన వెళ్ళని ఆడవాళ్ళు ఊళ్ళో లేరు.

ఒంటరిగా ఉన్నన్నాళ్ళు పాపం పంతులు, వండిపెట్టే దిక్కు లేదు అనుకున్నారు. మరుసటి ఏడు నా భార్య కాపురానికి వచ్చింది. వాళ్ళది ఎడ్లపాడు, మాలాగే వ్యవసాయదారుల కుటుంబం. మొదటి ఆదివారం నేను మాంసం తెచ్చి అరుగు మీద పెడితే ఆమె దానివంకా నా వంకా చూసి, ఉన్నమాట చెప్పేసింది.

"నాకు పప్పు వచ్చు, పులుసు వచ్చు, పచ్చళ్ళన్నీ వచ్చు. నీసు రాదండి. మా అమ్మ ఆ కుండ ఎవర్నీ ముట్టుకోనీదు."

నేర్చుకోవాలని ఉందా అని అడిగాను.

"లేదు. తినాలని ఉంది."

ఆ మాటతో మా ఇంట్లో ఆదివారం ఎట్లా గడవాలో తేలిపోయింది. ఆమె రోటి దగ్గర కూర్చుని అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి నూరేది. అది తనకు ఇష్టమైన పని. పొయ్యి నాది. తుమ్మ మొద్దు రెండు వైపులా పెట్టి, మధ్యలో కంది పుల్లలతో అంటించేవాణ్ణి. ఉల్లిపాయలు నూనెలో ఎర్రబడేదాకా మనిషి పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు, కదిలితే అవి మాడతాయి. మాంసం వేశాక దాని నీరు అది వదిలి, ఆ నీరు అదే పీల్చుకునేదాకా చుక్క నీళ్ళు పోయకూడదు. ఆ తర్వాత కారం, ఆ తర్వాత నూరిన ముద్ద, ఆ తర్వాత వేన్నీళ్ళు. గోడ నీడ దొడ్లో పరిచిన రెండో బండ దాటేసరికి మూత తీసి, మొద్దులు వెనక్కి లాగి, నిప్పుల మీద వదిలేసేవాణ్ణి. ఉప్పు చూడటం ఆమె పని. నేను గరిటెతో ఒక ముక్క అందిస్తే ఊదుకుంటూ తిని, ఒక్కోసారి ఇంకా తెలియటం లేదని రెండో ముక్క అడిగేది. ఉప్పు సరిపోయిందని ఇద్దరికీ తెలుసు.

గోడ అవతల పక్కింటి ముసలావిడ నిలబడేది. ఊరందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు.

"ఏందయ్యా పంతులూ, పెళ్ళానికి కాళ్ళు నొప్పులా?"

లేవు పెద్దమ్మా, బాగానే ఉందన్నాను.

"మరి గరిటె నీ చేతికిచ్చింది, కోక ఎప్పుడు ఇస్తదంట?"

రోటి దగ్గర నుంచి నా భార్య తల ఎత్తకుండానే, గిన్నె తెచ్చుకో పెద్దమ్మా, నీక్కూడా పెడతాను, అంది. ఆవిడ గిన్నె తెచ్చుకోలేదు గానీ ఆ తర్వాత ఆదివారాలు గోడ దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడింది. బడిలో మా హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచి, పంతులు వేళ్ళకు పసుపు కనపడితే పిల్లలకు భయం పోతుందని చెప్పాడు. పోతే పోనీయండి అన్నాను. నా క్లాసులో లెక్కలు రాని పిల్లవాడు లేడు. అంతకు మించి నా వేళ్ళతో ఆయనకు పని లేదనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆషాఢం రాబోతోందని కూతురిని తీసుకెళ్ళటానికి మా అత్తమామలు వచ్చారు. కొత్త కోడలు ఆషాఢం నెల పుట్టింట్లో ఉండాలి, శ్రావణంలో తిరిగి రావాలి. వాళ్ళు రావలసింది సోమవారం. మామగారికి వేరే పని తగిలి ఆదివారమే వచ్చారు. వీధి తలుపు తీసే ఉంది. తిన్నగా దొడ్లోకి వచ్చారు. నేను పంచె ఎగగట్టి పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. వాళ్ళ అమ్మాయి పక్కన పీట వేసుకుని, నా గరిటెలోంచి ముక్క తీసుకుంటోంది. గోడ అవతల పెద్దమ్మ, ఆమె పక్కన బిందెలతో మరో ఇద్దరు.

ఆ రోజుల్లో అత్త అల్లుడి ఎదురుగా నిలబడి మాట్లాడేది కాదు. తలుపు చాటునుంచి, కూతురితో చెప్పినట్టుగా అల్లుడికి వినిపించేది. మా అత్తగారు వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి, అక్కడినుంచే అన్నారు. "ఏమే, పెళ్ళాం ఉండగా మొగుడు పొయ్యి కాడ కూర్చుంటే ఊరు ఎవర్నంటుంది? ఆయన్నా? నిన్నా? నన్నంటుంది. పిల్లకి ఏం నేర్పి పంపిందిరా తల్లి అంటుంది."

నా భార్య, ఎవరూ ఏమీ అనటం లేదమ్మా, చూస్తున్నారంతే, అంది. అది ఇంకా పెద్ద తప్పయింది. మధ్యాహ్నం బస్సుకే ముగ్గురూ వెళ్ళిపోయారు. కుండెడు కూర నేనొక్కణ్ణే తిన్నాను. బాగా కుదిరిందని డైరీలో రాశాను. నిజంగానే బాగా కుదిరింది.

శ్రావణం వచ్చింది, నా భార్య రాలేదు. మామగారి కార్డు వచ్చింది. అమ్మాయికి నీసు వంట పూర్తిగా నేర్పి పంపుతామని, ఈలోగా నేను దొడ్లో పొయ్యి దగ్గర కూర్చోవటం మానుకోవాలని, మానలేకపోతే కనీసం పొయ్యికి వీధికి మధ్య తాటాకు తడిక కట్టించుకోవాలని రాశారు. అక్షరాలు ఆయనవి, మాటలు అత్తగారివి. నేను తిరుగు టపాలో జవాబు రాశాను. మీ అమ్మాయి నేర్చుకోవలసింది ఏమీ లేదు, వండటానికి నేనున్నాను, తడిక కట్టను, ఆమెను పంపండి. ఇలా మూడు కార్డులు అటు, మూడు ఇటు నడిచాయి. తోటి పంతుళ్ళు నాకు బుద్ధి చెప్పారు. తడికే కదయ్యా, నాలుగు తాటాకులతో పోయేదానికి కాపురం చెడగొట్టుకుంటావా, అన్నారు. నాలుగు తాటాకులే, నిజమే. కానీ దాచుకోవటానికి నేనేం దొంగిలించాను? ఒకసారి తడిక కట్టానంటే, ఇన్నాళ్ళూ చేసింది సిగ్గుపడే పని అని నేనే ఒప్పుకున్నట్టు. నా భార్య నా పక్కన కూర్చుని తిన్న ప్రతి ముక్కా సిగ్గుపడే ముక్కే అన్నట్టు. అది నా చేత కాదు.

అలా అన్నానే గానీ ఇల్లు ఖాళీగా ఉంది. ఆదివారాలు వండుతూనే ఉన్నాను, మానితే ఓడిపోయినట్టని. ఉప్పు చూసే మనిషి లేకపోయేసరికి రెండు వారాలు ఉప్పు ఎక్కువైంది. అది కూడా రాసుకున్నాను. తడిక కట్టకుండా ఆమెను తెచ్చుకోలేకపోతే ఏం చేయాలన్నది మాత్రం రాయలేదు.

భాద్రపదంలో నా భార్య స్వయంగా రాసిన ఉత్తరం వచ్చింది. ఐదో తరగతి దాకా చదువుకుంది, గుండ్రంగా రాసేది. 'అమ్మ ప్రతి ఆదివారం నన్ను పొయ్యి ముందు కూర్చోబెడుతోంది. నేను గరిటె ముట్టుకోవటం లేదు. వండని దానికి కూర లేదని అమ్మ అంది. రెండు నెలల నుంచి పచ్చడితో తింటున్నాను. మీరు తడిక కట్టించారా? కట్టించకండి.' ఉత్తరం అంతే.

ఆ శనివారం బడి వదలగానే బయలుదేరాను. పెట్రోలు దొరక్క బస్సులకు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించిన రోజులవి. ఎత్తు వస్తే జనం దిగి నడిచేవాళ్ళు. నర్సరావుపేటలో పడుకుని, తెల్లవారి చిలకలూరిపేట మీదుగా ఎడ్లపాడు చేరేసరికి పొద్దు బారెడెక్కింది.

నన్ను చూసి మామగారు సంతోషించారు. వసారాలో మంచం వాల్చి దుప్పటి పరిచారు. ఆయన తమ్ముళ్ళిద్దరూ కబురందుకుని వచ్చి కూర్చున్నారు. అల్లుడు వచ్చాడంటే నీసు తప్పదు కదా, మోదుగాకుల్లో చుట్టిన పొట్టేలు మాంసం వచ్చింది. నా భార్య మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళింది. చిక్కిపోయింది.

దొడ్లో అత్తగారు పొయ్యి అంటించి కూతుర్ని దాని ముందు కూర్చోబెట్టారు. అల్లుడికి వండి పెట్టు, నేర్చుకున్నావో లేదో ఆయనే చూస్తారు, అన్నారు. వసారాలోకి వినపడేట్టే అన్నారు. నా భార్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కంది పుల్లలు భగ్గుమని మండి, సగానికి వచ్చి, కూలిపోయాయి. అత్తగారు మళ్ళీ ఎగదోశారు. మళ్ళీ కూలాయి.

"చెయ్యవే," అన్నారు.

"నేను చెయ్యనమ్మా."

"రెండు నెలల నుంచి చూపిస్తన్నాను గదే."

"చూశాను. నాకు ఇష్టం లేదు. ఆయనకు చానా ఇష్టం. ఇష్టమున్న వాళ్ళు వండితే తప్పేంది?"

వసారాలో అందరూ నేల చూపులు చూస్తున్నారు. మాంసం ఆకుల్లోనే ఉంది, ఎండ ముదురుతోంది. నేను మంచం మీద నుంచి లేచి, కండువా తీసి పెట్టి, పంచె ఎగగట్టి దొడ్లోకి నడిచాను. అత్తగారు పొయ్యికి అడ్డంగా నిలబడ్డారు. తలుపు చాటు లేదు, కూతురి అడ్డం లేదు. నా మొహంలోకి చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

"అబ్బాయ్, నలుగురూ చూస్తన్నారు. అల్లుడు మా ఇంట్లో గరిటె పట్టాడంటే రేపు బావికాడ నేనెట్టా నిలబడేది?"

"ఎప్పట్లాగే నిలబడండి అత్తయ్యా. ఏం వండాడని అడిగితే చెప్పండి."

ఆవిడ జరగలేదు. నేను పక్కనుంచి వెళ్ళి కూర్చున్నాను. కంది పుల్లలు తీసేసి, పాక పక్కన పడి ఉన్న తుమ్మ మొద్దు తెచ్చి పెట్టాను. నా భార్య లేచి రోటి దగ్గరకు వెళ్ళింది. కొత్త పొయ్యి, కొత్త కుండ, నేల కూడా మా పల్నాటి నేల కాదు. అయినా మాంసం నూనెలో పడగానే వచ్చిన ఆ చప్పుడుతో నాకు భయం పోయింది. గోడ మీద నుంచి రెండు తలలు కనపడ్డాయి. కాసేపటికి ఐదయ్యాయి. నేను వాళ్ళను చూసి తల ఊపాను. నీరు వదిలింది, పీల్చుకుంది. కారం వేశాను. ముద్ద వేశాను. పాక నీడ గుమ్మం దగ్గరకు వచ్చేదాకా మూత తీయలేదు. ఇంతసేపూ అత్తగారు నిలబడ్డ చోటునుంచి కదలలేదు. మామగారు రెండుసార్లు వచ్చి, వాసన చూసి వెళ్ళారు.

మగవాళ్ళం ముందు కూర్చున్నాం. నా భార్య వడ్డించింది. మామగారి చిన్న తమ్ముడు ఏం వేశావయ్యా దీంట్లో అని అడిగితే మొదటి నుంచి వరసగా, ఎంతెంతో సహా చెప్పటం మొదలుపెట్టాను. ధనియాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు. "చాల్లేవయ్యా పంతులూ, పాఠం అయ్యేసరికి అన్నం చల్లారిపోద్ది." మామగారు మాత్రం కూతురి వంక కాకుండా నా వంక తిరిగి, ఇంకొంచెం ఉందా అన్నారు. ఆయన అడగటం చూసి తమ్ముళ్ళిద్దరూ అడిగారు.

ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి కుండలో నాలుగు ముక్కలు, అడుగున అంటుకున్న ఇగురు మిగిలాయి. అత్తగారు ఈ పూట నాకు ఆకలి లేదన్నారు. నా భార్య కుండను పొయ్యి పక్కనే పెట్టుకుని, వేడి జొన్నన్నం అందులోనే వేసి, అంచులన్నీ చుట్టి వచ్చేట్టు కలిపింది. గోడ మీద తలలు ఇంకా ఉన్నాయి. వాళ్ళవైపు తిరిగి కూర్చుని, తీరుబడిగా, వేళ్ళు నాక్కుంటూ తిన్నది. వాళ్ళమ్మ చూస్తుండగా తిన్నది. అంత ఆకలిగా తినే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

అప్పుడు అత్తగారు ఒక మెట్టు దిగారు. దాన్ని తక్కువ చేసి రాయటం న్యాయం కాదు, ఆవిడకు అది పెద్ద మెట్టు.

"తీసకపోండి. వండుకోండి. తడిక ఒక్కటి కట్టించండి. ఆ ఒక్కటీ మా మొహం చూసి చెయ్యండి."

మామగారు నా వంక చూశారు. ఊఁ అనమని ఆ చూపు. ఊఁ అనేసి, వెళ్ళి, కట్టకుండా ఊరుకోవచ్చు కూడా. ఎడ్లపాడు నుంచి కారంపూడికి వచ్చి రోజూ చూసేదెవరు? ఆ ఆలోచన నాకు రాలేదని రాస్తే అబద్ధం. వచ్చింది. ఒక్క మాటతో అన్నీ సర్దుకునేవి.

"కట్టను అత్తయ్యా."

"అయితే పిల్లను పంపను."

నా భార్య లేచి, గోలెం దగ్గర చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళింది. ఏడవటానికి వెళ్ళిందనుకున్నాను. రేకు పెట్టె మోసుకుంటూ వచ్చి అరుగు మీద పెట్టింది.

"అమ్మా, తడిక కడితే ఆయనొక్కరే కాదు, పక్కన కూర్చుని తినేదాన్ని నేను కూడా కనపడను. నేను కనపడాలి."

అత్తగారు ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆడపిల్ల అత్తింటికి వెళుతుంటే బొట్టు పెట్టి, చీరె సారె ఇచ్చి పంపాలి. మేము కాసేపు అరుగు మీద నిలబడ్డాం. తలుపు తెరుచుకోలేదు. పెట్టె నేను తీసుకున్నాను. బస్సు రోడ్డు దాకా నడిచిన ఆ దూరం నా భార్య ఎప్పుడూ మరిచిపోలేదు. గెలిచి వచ్చామని నేను తర్వాత ఎప్పుడైనా అంటే, మీరు గెలిచారు, నేను వట్టి చేతులతో వచ్చాను, అనేది. అది ఆమె కోపంతో అన్నమాట కాదు, లెక్క సరిచేయటం.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉండగా మామగారు వచ్చారు. నా భార్య ఆయన చేతుల వంక చూసింది. ఖాళీ చేతులు. మీ అమ్మ ఇవ్వనంది అన్నారు. సరేలే నాన్నా అంది. ఆయన మా పక్కనే, పెట్టె మీద కూర్చున్నారు. ఒక ఆదివారం నేను మీ ఊరు వస్తాలే అన్నారు. పొలం పని ఉందని మీ అత్తకు చెప్పి వస్తా, అన్నారు.

"కూర తినటానికని చెప్పి రండి మామయ్యా."

పిల్లలు పుట్టకముందు కూతురింట్లో తినకూడదన్న ఆచారం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. దూరంగా బస్సు పొగ కనపడింది. "అట్టాగే చెప్తాలే," అన్నారు, లేస్తూ.

నాలుగు వారాలు పట్టింది. మధ్యాహ్నం బస్సు దిగి, గొడుగు పట్టుకుని, బావి దారినే నడిచి వచ్చారు. చెప్పే వచ్చాను అన్నారు. అత్తగారు ఏమన్నారని నేను అడగలేదు. ఆయన లోపలికి వెళ్ళబోతుంటే నా భార్య ఆపి, పీట తెచ్చి దొడ్లో, నాకూ తనకూ మధ్య వేసింది. ఆయన ఒకసారి గోడవైపు చూసి, గొడుగు ముడిచి కూర్చున్నారు.